పెట్రోలు బంకు నుంచి పాస్‌బుక్ దాకా: గోదావరి జిల్లాల పన్నుల లెక్క

పన్నుల మీద, పథకాల మీద మన పార్టీల తగువు ఏమిటో అర్థం కావాలంటే ముందు యానాంలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాలి. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మధ్యలో సుమారు 30 చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి. ఎదుర్లంక వంతెన దాటి ముమ్మిడివరం వైపు నుంచీ, తాళ్లరేవు మీదుగా కాకినాడ వైపు నుంచీ బండ్లు ఇక్కడికొచ్చి ట్యాంకు నింపుకుని పోతాయి. పెట్రోలు ఒకటే, ధర వేరు. 2021 నవంబరు తర్వాత లీటరుకు పది రూపాయలకు పైనే తేడా నడిచింది. ఆ తేడా మొత్తం పన్నుదే.

ఆ నెల మొదట్లో కేంద్రం పెట్రోలుపై లీటరుకు రూ. 5, డీజిలుపై రూ. 10 ఎక్సైజ్ సుంకం తగ్గించింది. పుదుచ్చేరి తన వంతుగా వ్యాట్‌ను కూడా తగ్గించింది. ఆంధ్రప్రదేశ్ తగ్గించలేదు. తెలుగుదేశం, బీజేపీ బంకుల దగ్గర ధర్నాలు చేశాయి. వైఎస్సార్సీపీ ప్రభుత్వం పత్రికల్లో పెద్ద ప్రకటన ఇచ్చింది. పెట్రోలు, డీజిలు మీద కేంద్రం ఏడాదిలో రూ. 3.35 లక్షల కోట్లు వసూలు చేసి, రాష్ట్రాలకు పంచింది రూ. 19,475 కోట్లేనని ఆ ప్రకటన సారం. ఆ వాదనలో పస ఉంది. 2022 మే తగ్గింపు తర్వాత, 2025 ఏప్రిల్ దాకా, లీటరు పెట్రోలుపై కేంద్ర సుంకం రూ. 19.90. అందులో రాష్ట్రాలకు వాటా ఇవ్వాల్సిన మూల సుంకం రూ. 1.40 మాత్రమే. మిగిలిందంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. వాటిలో రాష్ట్రాలకు పైసా రాదు.

రాష్ట్రం వైపు లెక్కా చూద్దాం. పెట్రోలుపై వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకు రూ. 4, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఆ నాలుగు రూపాయల చరిత్ర చూస్తే పార్టీల మాటలకు, చేతలకు మధ్య దూరం తెలుస్తుంది. 2015లో రూ. 4 వేసింది తెలుగుదేశం ప్రభుత్వం. ఎన్నికలకు ముందు, 2018 సెప్టెంబరులో, అదే ప్రభుత్వం రూ. 2 తగ్గించింది. 2020 జులైలో వైఎస్సార్సీపీ ప్రభుత్వం మళ్లీ రూ. 4 చేసింది, రెండు నెలలకు రోడ్డు సెస్సు రూపాయి కలిపింది. 2021లో ఈ పన్ను తగ్గించాలని బంకుల దగ్గర కూర్చున్నవాళ్లే 2024లో అధికారంలోకి వచ్చారు. 2025లోనూ 31 శాతం, నాలుగు, ఒకటి అలాగే ఉన్నాయి.

2025 ఏప్రిల్‌కు ముందరి కేంద్ర సుంకంతో ఒక మామూలు మనిషి లెక్క వేద్దాం. పాత బైకు మీద తాపీ పనికి, మేస్త్రీ పనికి తిరిగే మనిషి నెలకు 10 లీటర్లు కొట్టిస్తాడనుకోండి. కేంద్ర సుంకం కలిపి, వ్యాట్‌కు ముందు ధర రూ. 80 అనుకుంటే 31 శాతం అంటే రూ. 24.80, పైన రూ. 5. లీటరుకు రాష్ట్రానికి రూ. 29.80, కేంద్రానికి రూ. 19.90. పది లీటర్లకు రూ. 497. ఏడాదికి రూ. 5,964. పీఎం కిసాన్ కింద ఒక రైతు కుటుంబానికి ఏడాదికి వచ్చేది రూ. 6,000. అంటే ఈ మేస్త్రీ ఏటా దాదాపు ఒక పీఎం కిసాన్‌కు సరిపడా పన్ను పెట్రోలు ఒక్కదాని మీదే కట్టాడు. అతనికి భూమి లేదు కాబట్టి పీఎం కిసాన్ రాదు.

"పన్నులు మేం కడితే వాళ్లకు పంచుతున్నారు" అనే మాట టీ కొట్ల దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో రోజూ వినపడుతుంది. ఆ మాట అనేవాళ్లు ఆదాయపు పన్నును మాత్రమే పన్ను అనుకుంటారు. రాష్ట్ర ఖజానాకు వచ్చే సొంత డబ్బులో ముఖ్యమైనవి జీఎస్టీ, వ్యాట్, మద్యం, రిజిస్ట్రేషన్లు. మొదటి మూడూ సబ్బు కొనే చేతి నుంచి, బైకు నడిపే చేతి నుంచి, క్వార్టరు సీసా పట్టుకున్న చేతి నుంచి వస్తాయి. పింఛను తీసుకునే అవ్వ కూడా పన్ను చెల్లింపుదారే.

రాజమహేంద్రవరంలో పుట్టిన సూపర్ సిక్స్

2022 జులైలో ప్రధాని మోదీ ఉత్తరప్రదేశ్‌లో ఎక్స్‌ప్రెస్ వే ప్రారంభిస్తూ ఉచితాలు పంచే రాజకీయాన్ని 'రేవడీ సంస్కృతి' అని తప్పుపట్టారు. ఉచితాల మీద వేసిన పిటిషన్ అప్పుడే సుప్రీంకోర్టులో నడుస్తోంది. మన తెలుగువాడు జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా తన ఆఖరి రోజు, 2022 ఆగస్టు 26న, ఆ కేసును ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపారు. అదే ఏడాది శ్రీలంక కుప్పకూలితే, వైఎస్సార్సీపీ ముఖ్యమంత్రి జగన్ ప్రభుత్వం పథకాల పేరిట అప్పులు చేసి ఆంధ్రను మరో శ్రీలంక చేస్తోందని ఇక్కడి ప్రతిపక్షం ఊరూరా చెప్పింది.

మరుసటి ఏడాదే, 2023 మే 28న, రాజమహేంద్రవరం మహానాడు వేదిక మీద తెలుగుదేశం తన తొలి విడత హామీలు ప్రకటించింది. సూపర్ సిక్స్ అన్న మాట అక్కడి నుంచే జనంలోకి వచ్చింది. చదువుకునే ప్రతి బిడ్డకూ ఏడాదికి రూ. 15,000, ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితం, ఆడవాళ్లకు ఉచిత బస్సు, రైతుకు రూ. 20,000, 18 నుంచి 59 ఏళ్ల మహిళకు నెలకు రూ. 1,500, నిరుద్యోగికి నెలకు రూ. 3,000. ఒక ఇంట్లో ఒక తల్లికే డబ్బు ఇచ్చే జగన్ ప్రభుత్వ అమ్మఒడి కన్నా, ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇస్తామన్న ఈ హామీ పెద్దది.

2024 ఏప్రిల్ వచ్చేసరికి పాత్రలు పూర్తిగా తారుమారయ్యాయి. ఐదేళ్లలో రెండున్నర లక్షల కోట్లకు పైగా ఖాతాల్లో వేశామని చెప్పుకున్న జగన్, మేనిఫెస్టోలో పింఛనును రూ. 3,500కే, అదీ 2028, 2029 జనవరుల్లో రెండు విడతలుగా పెంచుతామన్నారు. అవతలివాళ్ల హామీలకు రాష్ట్రంలో డబ్బు లేదని సభల్లో లెక్కలు చెప్పారు. నిన్నటిదాకా శ్రీలంక అన్నవాళ్లు సంపద సృష్టించి ఇస్తామన్నారు. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 34 అసెంబ్లీ స్థానాలున్నాయి. 2019లో అందులో 27 వైఎస్సార్సీపీకి వచ్చాయి. 2024లో 34కు 34 తెలుగుదేశం నాయకత్వంలోని కూటమికి వచ్చాయి. పథకాలు వద్దన్నవాళ్లు గెలిచారనుకుంటే పొరపాటు. రెండుసార్లూ గెలిచింది ఎక్కువ ఇస్తామన్నవాళ్లే.

మన దగ్గర పార్టీల మధ్య తేడా సిద్ధాంతంలో లేదని నా నమ్మకం. ప్రతిపక్షంలో ఉంటే పన్ను తగ్గించమంటారు, అధికారంలో ఉంటే తగ్గించలేమంటారు. ప్రతిపక్షంలో ఉంటే పథకం చాల్లేదంటారు, అధికారంలో ఉంటే ఖజానా ఖాళీ అంటారు. అందుకే మాటలు పక్కనపెట్టి అంకెలే పట్టుకోవాలి.

నాలుగు పథకాలు, ఒక బడ్జెట్

2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ పెట్టిన 2025–26 బడ్జెట్ రూ. 3,22,359 కోట్లు. అందులో ఎన్టీఆర్ భరోసా పింఛన్లకు రూ. 27,518 కోట్లు, పిల్లల చదువు హామీ అయిన తల్లికి వందనానికి రూ. 9,407 కోట్లు, రైతు హామీ అయిన అన్నదాత సుఖీభవకు రూ. 6,300 కోట్లు, దీపం సిలిండర్లకు రూ. 2,601 కోట్లు. నాలుగూ కలిపితే రూ. 45,826 కోట్లు. మొత్తం బడ్జెట్‌లో 14 శాతం. నూటికి పద్నాలుగు రూపాయలు ఇలా పోతే మిగతా ఎనభై ఆరు ఎటు పోతున్నాయని అడిగేవాళ్లు తక్కువ.

అయితే ఇంకో అంకె కూడా ఉంది. దాన్ని దాచి మాట్లాడటం పాఠకుడికి అన్యాయం. అదే బడ్జెట్‌లో రోడ్లు, కాలువలు, భవనాలు వంటి శాశ్వత పనులకు, అంటే మూలధన వ్యయానికి, పెట్టింది రూ. 40,635 కోట్లు. ఈ నాలుగు పథకాల ఖర్చు దానికన్నా ఎక్కువ. రెవెన్యూ లోటు రూ. 33,185 కోట్లు. అంటే రోజువారీ ఖర్చుకే అప్పు చేస్తున్నాం. కోనసీమలో డ్రెయిన్లలో పూడిక తీయక వరి మునిగిన రైతు "నాకు ఖాతాలో డబ్బు కన్నా మురుగు కాలువ ముఖ్యం" అంటే అతని మాట కాదనలేం. 2011 సార్వాలో అక్కడి రైతులు పంట విరామం ప్రకటించి నాట్లు మానేశారు. మోహన్ కందా కమిటీ వేయాల్సి వచ్చింది. మునిగే పొలం సమస్య ఆ రైతుల ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి.

పింఛను సంగతి వేరు. దాన్ని ఉచితాల పద్దులో కలపడం నాకు ఒప్పుకోలేని విషయం. 2006లో రూ. 200. 2014 అక్టోబరులో రూ. 1,000. 2019 జనవరిలో రూ. 2,000. తర్వాత ఐదేళ్లలో రెండు వందల యాభై చొప్పున నాలుగు మెట్లెక్కి రూ. 3,000. 2024 జులై ఒకటిన రూ. 4,000. కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్సీపీ మూడూ ఇందులో పోటీపడ్డాయి. పద్దెనిమిదేళ్లలో ఇరవై రెట్లు. రాష్ట్రంలో సుమారు 65 లక్షల మందికి నెల మొదటి రోజున ఇంటికే వస్తుంది. కొడుకు హైదరాబాదులో, కూతురు గల్ఫ్‌లో ఉన్న లంక గ్రామంలో ఒంటరి ముసలమ్మకు ఈ నాలుగు వేలు మందులు, పాలు, కూరలు. ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదన్న ధైర్యం కూడా. ఇంత ప్రయోజనం నేరుగా చేరే ప్రభుత్వ ఖర్చు మన దగ్గర ఇంకోటి లేదు.

సీసాలో పన్ను

పథకాలకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆంధ్రలో ఒక జవాబు మద్యం. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి దుకాణాలు తెరిచినప్పుడు ధరలు మొదటి రోజు 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం పెంచారు. తాగుడు మాన్పించడానికే అన్నారు. 2021 చివర్లో అమ్మఒడి, చేయూత, ఆసరా వంటి పథకాల అమలు బాధ్యతను బేవరేజెస్ కార్పొరేషన్‌కు అప్పజెప్పారు. 2022 జూన్‌లో అదే కార్పొరేషన్ 9.62 శాతం వడ్డీకి రూ. 8,305 కోట్ల బాండ్లు అమ్మింది. తండ్రి తాగబోయే సీసాను పూచీ పెట్టి తెచ్చిన అప్పుతో తల్లికి ఇచ్చే డబ్బును ముడిపెట్టారన్నమాట. తాగుడు మాన్పిస్తామన్న ప్రభుత్వమే తాగుడు తగ్గకూడదన్న అవసరంలో పడింది.

కొత్త ప్రభుత్వం 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను ప్రైవేటుకు ఇచ్చింది. 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగి ఇవ్వని రుసుము రూ. 2 లక్షలు. దుకాణం దొరకనివాళ్ల డబ్బుతో సహా ఖజానాకు రూ. 1,797.64 కోట్లు వచ్చిపడ్డాయి. రూ. 99కి క్వార్టరు ఇచ్చారు. పేదవాడి జేబు మీద భారం తగ్గించామన్నారు. ఒక కూలీ మనిషి రోజుకొకటి తాగితే ఏడాదికి రూ. 36,135. అందులో పెద్ద భాగం పన్నే. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలకు తల్లికి వందనం కింద చేతికందేది, బడి నిర్వహణకు రూ. 2,000 చొప్పున మినహాయించాక, రూ. 26,000. ధర తగ్గించడం ఆ ఇంటికి మేలా కీడా అని ఆ తల్లినే అడగాలి.

ఢిల్లీ తగ్గింపుకు గల్లీలో ధర

ఇక పన్ను తగ్గింపులు. 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో రూ. 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేదన్నారు. కేంద్రం వదులుకున్నది సుమారు రూ. లక్ష కోట్లు. ఇది ఢిల్లీ వదులుకున్న డబ్బు అని మనం అనుకుంటాం. కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలది, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 15వ ఆర్థిక సంఘం కాలానికి 4.047 శాతం. లక్ష కోట్లకు లెక్కవేస్తే రూ. 1,659 కోట్లు. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ దిశ సరైనదే.

2019 సెప్టెంబరు 20న కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22 శాతానికి దించినప్పుడు వదులుకున్నది రూ. 1.45 లక్షల కోట్లు. అప్పటి వాటాల ప్రకారం, అంటే 42 శాతంలో 4.305 శాతం, ఆంధ్ర వంతు సుమారు రూ. 2,622 కోట్లు. మూడు సిలిండర్ల పథకానికి బడ్జెట్‌లో పెట్టింది రూ. 2,601 కోట్లు. సిలిండర్ల మీద ఊరూరా చర్చ జరిగింది. ఆ రెండువేల ఆరువందల కోట్ల మీద మన దగ్గర ఎవరూ ఒక్క ధర్నా చేయలేదు.

తగ్గింపును సమర్థించేవాళ్లకూ ఒక అంకె ఉంది. కంపెనీల పన్ను వసూళ్లు 2018–19లో రూ. 6.63 లక్షల కోట్లు, తగ్గించిన ఏడాది రూ. 5.57 లక్షల కోట్లకు పడ్డాయి. 2023–24కు రూ. 9.11 లక్షల కోట్లకు పెరిగాయి. పన్ను తగ్గితే వ్యాపారం పెరిగి ఖజానా మళ్లీ నిండుతుందని వాళ్ల వాదన. అయితే ఆ మధ్యలో ధరలూ, లాభాలూ కూడా పెరిగాయి. పెరుగుదలంతా తగ్గింపు పుణ్యమే అనడం అతి. అన్నట్టు, ఈ రెండు తగ్గింపులనూ ప్రకటించిన కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ మన నరసాపురం కోడలు. ఆమె భర్త, ఆర్థికవేత్త పరకాల ప్రభాకర్, 2019 అక్టోబరులోనే ప్రభుత్వ ఆర్థిక విధానాన్ని విమర్శిస్తూ పత్రికలో వ్యాసం రాశారు. ఈ చర్చకు రెండు వైపులా నిలబడటం ఒకే ఇంట్లో కూడా సాధ్యమే.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గాయి. దీనివల్ల రాష్ట్ర ప్రజలకు ఏడాదికి రూ. 8,000 కోట్ల మేలని ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పారు. ఆ మేలు ఎవరి ఇంటికి ఎంత? సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. పేద కుటుంబం వీటి మీద నెలకు రూ. 500 ఖర్చు పెడితే, తగ్గింపు పూర్తిగా కొనేవాడికి అందితే, మిగిలేది రూ. 55. రూ. 80,000 బైకు కొన్నవాడికి రూ. 6,250 మిగులుతుంది. రూ. 7 లక్షల ట్రాక్టరు మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి దాన్ని కొన్నవాడికి రూ. 43,750 మిగులుతుంది.

ట్రాక్టరు మీద తగ్గించడం తప్పని నేననను. దున్నకం ఖర్చు తగ్గితే కౌలు రైతుకూ కొంత మేలే. కానీ ఎక్కువ కొనేవాడికి ఎక్కువ, తక్కువ కొనేవాడికి తక్కువ అన్నది ఏ పన్ను తగ్గింపుకైనా స్వభావం. పథకంలో లబ్ధిదారుల జాబితా గ్రామ సచివాలయం గోడ మీద అంటిస్తారు. ఎవరికి కారుంది, ఎవరికి కరెంటు బిల్లు ఎక్కువొచ్చింది, ఎవరు అనర్హులు అని ఊరంతా చూస్తుంది. పన్ను తగ్గింపుకు అలాంటి జాబితా ఉండదు. అది కూడా ప్రభుత్వం ఇచ్చిన డబ్బే.

బియ్యం మీద సంగతి ఇంకోటి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. దాంతో మార్కెట్లోకి 26 కిలోల బస్తా వచ్చింది. బస్తా ఒకేసారి కొనగలిగిన ఇంటికి పన్ను లేదు. ఐదు కిలోల ప్యాకెట్టు కొనుక్కునే ఇంటికి పన్ను ఉంది. 2025 మార్పుల్లో కూడా ఇది మారలేదు. ధాన్యం పండే జిల్లాలో ఇంతకన్నా సరిదిద్దాల్సిన పన్ను నాకు కనబడలేదు.

పది పైసల నుంచి మొదలైన పోటీ

ఈ పోటీ ఈనాటిది కాదు. 1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ కిలో బియ్యం రెండు రూపాయలకు ఇస్తానంటే, ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వం తరఫున రూ. 1.90కే అన్నారు. పది పైసలు తక్కువ అన్నా జనం నమ్మింది ఎన్టీఆర్‌నే. 1994లో గెలిచిన ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. సారా మీద దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటానికి అది ఫలితం. కానీ ఖజానాకు పెద్ద గండి పడింది. 1996లో చంద్రబాబు ప్రభుత్వం రెండు రూపాయల బియ్యాన్ని రూ. 3.50 చేసింది. 1997లో నిషేధం ఎత్తేసింది. ఒక పన్ను పోతే దాని బరువు ఎవరి కంచం మీద పడుతుందో ఆ రెండేళ్లలో స్పష్టంగా కనపడింది. 2008లో వైఎస్ మళ్లీ రెండు రూపాయలు చేశారు, 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డి రూపాయి చేశారు, 2023 జనవరి నుంచి కేంద్రం ఆహార భద్రత కార్డులకు ఉచితంగానే ఇస్తోంది.

1996లోనే ఇంకో పని జరిగింది. గోదావరి రైతుకు నేరుగా తగిలింది అదే. నీటి పన్ను ఎకరాకు రూ. 60 నుంచి రూ. 200కు పెరిగింది. సార్వా వరికి రూ. 200, దాళ్వాకు రూ. 150, చేపల చెరువుకు ఏడాదికి రూ. 500. అప్పట్లో పెద్ద గొడవైంది. తర్వాత దాన్ని పెంచే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేయలేదు. రెండు పంటలకు కలిపి రూ. 350.

ఆ రూ. 350 విలువ ధాన్యంలో చూడండి. 1996–97లో ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు రూ. 380. అంటే నీటి పన్ను 92 కిలోల ధాన్యంతో సమానం. 2025–26లో మద్దతు ధర రూ. 2,369. ఆ ధరకు అదే పన్నుకు 15 కిలోల ధాన్యం చాలు. ఏ అసెంబ్లీ తీర్మానమూ లేకుండా, ఏ పార్టీ ప్రకటనా లేకుండా, మూడు దశాబ్దాల్లో ఆరింట ఐదు వంతులు కరిగిపోయిన పన్ను ఇది. ఇంజినీరు కాటన్ 1852 నాటికి ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తి చేయించాడు. ఆ నీటితోనే ఈ నేలకు ఇంత ధర వచ్చింది. ఆ నీటిని శివారు పొలం దాకా తీసుకెళ్లే కాలువకు, వాన నీటిని సముద్రంలోకి పంపే డ్రెయినుకు డబ్బు కావాలి. పెద్ద కమతాల మీద ఈ పన్ను పెంచి, ఆ డబ్బును ఆ కాలువకే ఖర్చుపెట్టాలని అనే పార్టీ ఒక్కటీ లేదు. చిన్న రైతును వదిలేసి పెంచాలన్నది నా అభిప్రాయం.

శిస్తు ఎవరికి, పన్ను ఎవరికి

డెల్టాలో అన్నిటికన్నా పెద్ద పన్ను మినహాయింపు పాతది. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. కౌలు కింద వచ్చే శిస్తు కూడా చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే. పదెకరాల ఆసామి ఒకాయన భీమవరంలోనో, హైదరాబాదులోనో, డాలస్‌లోనో ఉంటాడనుకోండి. ఎకరాకు రెండు పంటల మీద 30 బస్తాల శిస్తు. 300 బస్తాలు. 75 కిలోల బస్తా 2025–26 మద్దతు ధర లెక్కన రూ. 1,777. మొత్తం రూ. 5,33,100. దీని మీద నేరుగా పడే పన్ను సున్నా. ఇతర ఆదాయం ఉన్నవాళ్లకు రేటు లెక్కలో దీన్ని కలుపుతారు, అంతే.

ఆ పదెకరాలు చేసే కౌలు రైతు పురుగుమందులకు ఎకరాకు రూ. 5,000 పెడితే అందులో 18 శాతం జీఎస్టీ. బిల్లులో రూ. 763 పన్ను. పదెకరాలకు రూ. 7,627. ఎరువుల మీద 5 శాతం వేరు. డీజిలు మీద వ్యాట్ 22.25 శాతం, పైన రూ. 4, రూపాయి సెస్సు. శిస్తు తీసుకునేవాడికి పన్ను లేదు, శిస్తు ఇచ్చేవాడికి ఉంది. పంట పోతే శిస్తు ఇచ్చేవాడే పోతాడు.

అన్నదాత సుఖీభవ కింద ఏడాదికి రూ. 20,000, అందులో కేంద్రం రూ. 6,000. 2025 ఆగస్టు 2న తొలి విడతగా 46.85 లక్షల మందికి రూ. 7,000 చొప్పున వేశారు. ఈ డబ్బు పాస్‌బుక్ పేరు చూసుకుని పోతుంది. అంతకుముందు ప్రభుత్వపు వైఎస్సార్ రైతు భరోసాలో కౌలు రైతుకు చోటిచ్చారు, కానీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే, అదీ కార్డు ఉన్నవాళ్లకే. గోదావరి జిల్లాల్లో ఎక్కువ పొలం కౌలుదారు చేతిలో ఉంటుంది. పన్ను తగ్గింపు గురించి మాట్లాడే పార్టీ దృష్టిలోనూ అతను లేడు, పథకం గురించి మాట్లాడే పార్టీ జాబితాలోనూ అతను ఆఖరే.

దీనికి కారణం ఖజానా ఒక్కటే కాదు. 2011లో వచ్చిన చట్టం యజమాని సంతకంతో పని లేకుండా కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కార్డుకు భూ యజమాని సంతకం తప్పనిసరి చేసింది. గడువు 11 నెలలు. భూమి మీద హక్కు మారదని చట్టంలోనే ఉంది. అయినా సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. ఆ కాగితం లేక కౌలు రైతు బ్యాంకు అప్పుకు పోలేడు, నష్టపరిహారం అడగలేడు, వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతాడు.

ఈ పత్రిక చదివే ఇళ్లలో కౌలుకిచ్చిన పొలాలున్నవాళ్లు చాలామందే ఉంటారు. ప్రభుత్వం పన్ను తగ్గించాలా, పథకం పెంచాలా అన్నది పార్టీలు తేల్చేలోపు మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ సార్వా నాట్లకు ముందే మీ కౌలు రైతును తీసుకుని సచివాలయానికి వెళ్లి ఆ కార్డు మీద సంతకం పెట్టండి. దానికి బడ్జెట్ కేటాయింపు అక్కర్లేదు.